గచ్చకాయ ఎక్కడ పెట్టాలి? కడపలో నేను చేరిన ఇంగ్లిష్ ఉచ్చారణ క్లాసు

ముందే చెప్పేస్తాను. నెల రోజుల్లో గలగలా ఇంగ్లిష్ మాట్లాడాలనుకునేవాళ్ళకు ఈ క్లాసు పనికిరాదు. చదవడం, రాయడం బాగానే వచ్చి, నోరు తెరిస్తే మాత్రం ఎదుటివాళ్ళు "మళ్ళీ చెప్పండి" అంటున్నారని బాధపడేవాళ్ళ కోసం ఇది. ముఖ్యంగా నాలాగా బడిలో ఇంగ్లిష్ చెప్పేవాళ్ళకు కడపలో ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. మంగళ, గురు, శనివారాలు సాయంత్రం 6.30 నుంచి 8 దాకా. రెండు నెలలు, మొత్తం 24 క్లాసులు, ఫీజు 3,500 రూపాయలు. ఒక్క క్లాసు కూడా నేను మానలేదు.

ఏడు రోడ్ల కూడలికి పది నిమిషాల నడక. కింద జిరాక్స్ షాపు, పైన ఒక గది. బోర్డు ఉండదు. పేరు రాయొద్దని సారే అన్నారు కాబట్టి రాయడం లేదు. సార్ డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్‌గా రిటైరయ్యారు, ప్రొద్దుటూరు వైపు మనిషి. హైదరాబాదులో ఇప్పుడు ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) అంటున్న సంస్థ 1958లో మొదలైనప్పుడు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్. తర్వాత చాలా ఏళ్ళు దాన్ని సీఫెల్ అనేవాళ్ళు. సార్ చెవి తయారైంది ఆ సీఫెల్ రోజుల్లో, టేపు రికార్డరు ముందు కూర్చుని.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పదహారేళ్ళుగా ఇంగ్లిష్ చెబుతున్నాను. వ్యాకరణం అంటే నాకు భయం లేదు. కానీ పోయినేడాది పదో తరగతి పిల్ల ఒకటి లేచి అడిగింది. "మేడమ్, ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్ అని రాయాలన్నారు. ద బాయ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ అంటే మాత్రం ఎస్ పెట్టమన్నారు. అయిదేళ్ళే కదా రెండు చోట్లా?" నేను "రూల్ అంతేనమ్మా" అన్నాను. పిల్ల కూర్చుంది, రాసుకుంది. నాకు మాత్రం ఆ రోజంతా మనసు మనసులో లేదు. రూల్ అంతే అని నా చిన్నప్పుడు నాకు చెప్పినవాళ్ళ మీద నాకు ఎంత కోపం వచ్చేదో గుర్తొచ్చింది.

అంతకు ముందు ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌లో 6,000 కట్టి చేరి మూడు వారాల్లో మానేశాను. అక్కడ రోజుకు యాభై వాక్యాలు బట్టీ పట్టమనేవాళ్ళు. ఎందుకు అలా పలకాలి అని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. ఆ అనుభవం ఉంది కాబట్టి ఈ మేడ మెట్లు ఎక్కుతున్నప్పుడు కూడా నాకు పెద్దగా ఆశ లేదు.

మొదటి రోజు సార్ పుస్తకం తెరవలేదు. బల్ల మీద ఒక స్టీలు డబ్బా బోర్లించారు. చింతపిక్కలు, రెండుగా పగలగొట్టిన చింతబద్దలు, బూడిద రంగు గచ్చకాయలు దొర్లాయి. మా బ్యాచ్‌లో పదకొండు మందిమి. విదేశం వెళ్ళడానికి పరీక్ష రాస్తున్న స్టాఫ్ నర్సు, గండికోటకు టూరిస్టులను తిప్పే కారు డ్రైవరు, ఇంటర్ అయిపోయిన ఇద్దరు పిల్లలు, ఒక హోటల్లో రిసెప్షన్‌లో పనిచేసే అబ్బాయి, మిగిలినవాళ్ళం టీచర్లం. తలా గుప్పెడు పంచారు.

"గట్టిగా ఊది పలికే చోట గచ్చకాయ. కొంచెం బరువు పడే చోట చింతపిక్క. తేలిగ్గా జారిపోయే చోట బద్ద. ముందు కడప అనండి."

క-డ-ప. మూడు పిక్కలు పెట్టాం. ఎవరూ గచ్చకాయ ముట్టుకోలేదు. సార్ తల ఊపారు. తెలుగులో మాటలోని ఏ అక్షరాన్నీ ఎత్తి పట్టం, దాదాపు అన్నిటికీ సమానంగా బరువు ఇస్తాం. నొక్కి చెప్పాలంటే నేనే, ఇదే అని 'ఏ' చేర్చుకుంటాం, లేదా సాగదీస్తాం. ఇంగ్లిష్ మాటలో అలా కుదరదు, ఒక చోట శిఖరం ఉండి తీరాలి.

తర్వాత 'వాటర్‌ప్రూఫ్'. అందరం బల్ల మీద అయిదు గింజలు పెట్టాం. వా-ట-రు-ప్రూ-ఫు. సార్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి రెండేసి గింజలు తీసేశారు. మన నోటికి మాట చివర అచ్చు కావాలి, అందుకే బస్సు, లైటు, కారు. ఆ అలవాటుతో ఇంగ్లిష్ మాటలకు లేని సిలబుల్స్ చేర్చేస్తాం. వాటర్‌ప్రూఫ్‌లో ఉన్నవి మూడే. 'వా' దగ్గర గచ్చకాయ, 'టర్' దగ్గర బద్ద, 'ప్రూఫ్' దగ్గర పిక్క. ఆ రెండు గింజలూ నా ముందు నుంచి పోయినప్పుడు నాకు అర్థమైంది, ఇన్నేళ్ళుగా నేను ప్రతి ఇంగ్లిష్ మాటకూ ఎంత కొసరు వేసి పిల్లలకు ఇస్తున్నానో.

స్ట్రెస్‌కు, అంటే మాటలో ఒక చోట బరువు పెట్టి పలకడానికి, సార్ వాడే తెలుగు మాట ఊనిక. ఒత్తు అంటే పిల్లలు అక్షరం కింద వత్తు అనుకుంటారని ఆ మాట వాడరు. సిలబుల్‌కు మాత్రం అక్షరం అనే అంటారు. మన ఛందస్సులో అక్షరం అంటే నిజానికి అదే, రాసే గుర్తు కాదు, ఒక్క విడతలో పలికే ధ్వని.

రెండు నెలల్లో సగం సమయం కాంపౌండ్ అడ్జెక్టివ్స్, అంటే రెండు మూడు మాటలు కలిసి ఏర్పడిన విశేషణాల మీదే గడిచింది. మొదట్లో నర్సమ్మకు విసుగొచ్చింది, పరీక్షకు ఇది ఎందుకని. సార్ సమాధానం నాకు నచ్చింది. ఒక్క మాటలో సిలబుల్ లెక్క, ఊనిక, మాట తయారయ్యే తీరు, హైఫన్, వాక్యంలో లయ, ఇవన్నీ ఒకేసారి కనిపించే చోటు ఇదొక్కటేనట. ఇది పట్టుబడితే మిగతా ఇంగ్లిష్ ఉచ్చారణలో సగం దారి నడిచినట్టే అన్నారు. ఇప్పుడు నా మాట కూడా అదే.

ఊనిక ఎక్కడ పడుతుందో ఊహించడానికి ఆయన ఇచ్చిన దారి చాలా సులువు. ముందు మాట నామవాచకమైతే తరచుగా దాని మీదే గచ్చకాయ: వాటర్‌ప్రూఫ్, హోమ్‌సిక్, మౌత్-వాటరింగ్, టైమ్-కన్స్యూమింగ్, ఎయిర్-కండిషన్డ్. ముందు మాట విశేషణమో క్రియా విశేషణమో అయితే గచ్చకాయ రెండో మాటకు జరుగుతుంది: గుడ్-లుకింగ్‌లో 'లు' మీద, హార్డ్-వర్కింగ్‌లో 'వ' మీద, బ్యాడ్-టెంపర్డ్‌లో 'టె' మీద, వెల్-నోన్‌లో 'నోన్' మీద. ఎయిర్-కండిషన్డ్ నేను ఎప్పుడూ 'కండిషన్' దగ్గర ఎత్తి పలికేదాన్ని. 'ఎయిర్' దగ్గర ఎత్తి, మిగతాది దించుకుంటూ పోవాలి. గచ్చకాయ, బద్ద, పిక్క, బద్ద. నాలుగు గింజలు, ఒకటే శిఖరం.

ఈ దారి ప్రతి చోటా పనిచేయదు. వరల్డ్-ఫేమస్, డ్యూటీ-ఫ్రీ, హోమ్‌మేడ్ లాంటివాటిలో ముందున్నది నామవాచకమే అయినా ఊనిక రెండో దాని మీదే పడుతుంది. ఈ మినహాయింపుల కాగితం సార్ ఏడో క్లాసులో గానీ ఇవ్వలేదు. అప్పటికి మేం రెండు వారాలుగా వరల్డ్-ఫేమస్‌ను తప్పుగా పలుకుతూ, అదే సరి అనుకుంటున్నాం. ఇది నాకు నచ్చని విషయాల్లో మొదటిది. రూల్ చెప్పిన రోజే మినహాయింపు కూడా చెప్పాలి. పెద్దవాళ్ళ నోటికి తప్పు అలవాటైతే వదిలించడం ఎంత కష్టమో బడిలో రోజూ చూస్తున్నదాన్ని.

ఇక గచ్చకాయ జరగడం. నా మటుకు నాకు 3,500 రూపాయలూ ఈ ఒక్క గంటన్నరకే చెల్లిపోయాయి.

'ద బైక్ ఈజ్ సెకండ్-హ్యాండ్.' ఇక్కడ గచ్చకాయ 'హ్యాండ్' మీద. ఇప్పుడు 'ఎ సెకండ్-హ్యాండ్ బైక్' అనమన్నారు. అన్నాం. 'హ్యాండ్' మీదా బరువే, వెంటనే 'బైక్' మీదా బరువే, నాలుక రెండు మెట్లు ఒకేసారి ఎక్కినట్టు ఇబ్బంది పడింది. సార్ నా బల్ల మీదికి వంగి, 'హ్యాండ్' దగ్గరున్న గచ్చకాయను చూపుడువేలితో నెట్టుకుంటూ తెచ్చి 'సె' దగ్గర పెట్టారు. 'హ్యాండ్' దగ్గర పిక్క పెట్టారు. "ఇప్పుడు అనండి మేడమ్." అన్నాను. మాట నున్నగా జారిపోయింది. మళ్ళీ 'ద బైక్ ఈజ్' అని మొదలుపెట్టమని, గచ్చకాయను వెనక్కి నెట్టారు. అలా నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ. బల్ల చెక్క మీద ఆ గచ్చకాయ చేసిన గరగర చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది.

వై.వి. స్ట్రీట్‌లో రెండు లారీలు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాలి కదా, అలాగన్నమాట అన్నారు. పక్కపక్కన రెండు బరువులు ఇంగ్లిష్ లయకు గిట్టవు. అందుకే నామవాచకం ముందుకు వచ్చేసరికి మొదటి మాట ఊనిక పుచ్చుకుంటుంది. ఓల్డ్-ఫ్యాషన్డ్ కూడా అంతే. 'హిజ్ షర్ట్ ఈజ్ ఓల్డ్-ఫ్యాషన్డ్' అంటే 'ఫ్యా' పైకి లేస్తుంది, 'యాన్ ఓల్డ్-ఫ్యాషన్డ్ షర్ట్' అంటే 'ఓల్డ్', 'షర్ట్' లేస్తాయి. సమాసాలకే కాదు, ఆఫ్టర్‌నూన్, థర్టీన్ లాంటి మాటలకూ ఇదే జరుగుతుంది. థర్టీన్ అని విడిగా అంటే 'టీన్' మీద, థర్టీన్ మెన్ అంటే 'థర్' మీద. నిఘంటువులో చూసిన ఊనికకూ వాక్యంలో విన్న ఊనికకూ తేడా ఉందేమిటని నేను ఎన్నో సార్లు తికమకపడ్డాను. నిఘంటువు ఇచ్చేది మాట ఒంటరిగా ఉన్నప్పటి రూపం. అంత చిన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

నా విద్యార్థిని అడిగిన ప్రశ్న పదో క్లాసులో సార్ ముందు పెట్టాను. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "అయిదేళ్ళ పిల్ల, పది రూపాయల నోటు, ఆరు అడుగుల మనిషి, ఈ ఏళ్ళ, రూపాయల, అడుగుల అన్నవి ఏ విభక్తి?" అని అడిగారు. తెలుగు టీచరమ్మ ఒకామె షష్ఠీ బహువచనం అంది. అదీ సంగతి అన్నారు సార్. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిష్‌లో కూడా ఇలాంటి చోట షష్ఠీ బహువచనమే వాడేవాళ్ళు. పాదానికి 'ఫోట్' లాంటి మాట ఉండేది, అంకె తర్వాత దానికి చివర 'అ' చేరేది. కాలం గడిచేకొద్దీ ఇంగ్లిష్‌లో చివరి అచ్చులు అరిగి రాలిపోయాయి. ఆ 'అ' రాలిపోయాక మిగిలింది చూడ్డానికి ఏకవచనంలా ఉంది, అంతే. సిక్స్-ఫుట్ మ్యాన్, టెన్-రుపీ నోట్, ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్.

ఆ పిల్ల అడిగింది తప్పు కాదు, తన తెలుగు తనకు సరిగ్గానే చెప్పింది. మన 'ఏళ్ళ' ఇంకా నిలబడి ఉంది, వాళ్ళది అరిగిపోయింది. మర్నాడు బడికి వెళ్ళి ఆ పిల్లను పిలిచి ఇదంతా చెప్పాను. "అయితే వాళ్ళది కూడా మనలాగే ఉండేదా మేడమ్?" అంది. ఫైవ్-ఇయర్స్-ఓల్డ్ బాయ్ అని ఆ తర్వాత ఆ పిల్ల రాయలేదు. బల్ల చరిచి చెప్పినా పోని తప్పు కారణం చెబితే పోతుందని ఆ రోజు నేను కళ్ళారా చూశాను.

చివర 'ఎడ్' ఉండే మాటల దగ్గర ఇలాంటిదే ఇంకో ఆనందం. బ్లూ-ఐడ్, లెఫ్ట్-హ్యాండెడ్, కైండ్-హార్టెడ్. ఇక్కడ 'ఎడ్' భూతకాలం కాదు, 'కలిగిన' అని అర్థం. నీలి కళ్ళు కలిగిన, మంచి మనసు కలిగిన. వినగానే మా తెలుగు టీచరమ్మ "బహువ్రీహి!" అని గట్టిగా అంది. ముక్కంటి, చక్రపాణి, పీతాంబరుడు. ఆ మాటలోని పదాలు వేటికీ ప్రాధాన్యం లేదు, వాటిని కలిగినవాడే ముఖ్యం. ఇంగ్లిష్ భాషాశాస్త్రజ్ఞులు కూడా తమ సమాసాల గురించి రాసేటప్పుడు బహువ్రీహి అనే మన మాటనే వాడతారు. పదో తరగతిలో తెలుగు పీరియడ్‌లో ఒకటి, ఇంగ్లిష్ పీరియడ్‌లో ఇంకొకటి అని విడివిడిగా నేర్పేవి ఒకే చెట్టు కొమ్మలని తెలిసి, మేమిద్దరం ఇప్పుడు మా బడుల్లో సమాసాల పాఠం కలిపి చెప్పాలనుకుంటున్నాం.

ఆ 'ఎడ్' ఎప్పుడు ఒక అక్షరం అవుతుందో, ఎప్పుడు కాదో కూడా గింజలతోనే తేలింది. ముందు ట గానీ డ గానీ ధ్వని ఉంటే 'ఇడ్' అని విడిగా పలుకుతుంది: హ్యాండెడ్, హార్టెడ్, మైండెడ్. లేకపోతే ముందు దానిలో కలిసిపోతుంది: ఐడ్, టెంపర్డ్, ఫ్యాషన్డ్. సార్ ఇచ్చిన నోట్సులో మిడిల్-ఏజ్డ్ ఎదురుగా నాలుగు చుక్కలు ఉన్నాయి. మూడే కదా అని అడిగాను. ఏజెడ్ పీపుల్ అని వృద్ధుల గురించి అన్నప్పుడు 'ఏజ్' పక్కన 'ఇడ్' విడిగా పలుకుతుంది, మిడిల్-ఏజ్డ్‌లో పలకదు. సార్ కళ్ళజోడు సర్దుకుని చూసి, అచ్చు తప్పు అని ఒప్పుకుని, అందరి కాగితాల మీదా తన చేత్తో దిద్దారు. డెబ్బై దాటిన మనిషి, పదకొండు కాగితాలు. గురువుల దగ్గర ఈ గుణం ఎంత అరుదో మీకు వేరే చెప్పక్కర్లేదు. అదే రోజు ఫోర్-లెగ్డ్ గురించి అడిగితే, లెగ్డ్ అన్నా లెగ్గిడ్ అన్నా రెండూ సరే అన్నారు.

ఒక్క విషయంలో మాత్రం సార్‌తో నాకు కుదరలేదు. ఊనికను ఆయన గురు లఘువులతో పోల్చి చెబుతారు. మొదటి రోజుకు అది సులువుగానే ఉంటుంది, కానీ తర్వాత దారి తప్పిస్తుంది. గురువు అన్నది కాలానికి సంబంధించింది. దీర్ఘం ఉంటే గురువు, తర్వాత సంయుక్తాక్షరం ఉంటే గురువు. 'కాశీ'లో రెండూ గురువులే. ఇంగ్లిష్ మాటలో రెండు శిఖరాలు సమానంగా ఉండవు. వాళ్ళ పద్యం నడిచేది ఊనిక మీద, మన వృత్తం నడిచేది గురు లఘువుల వరస మీద. ఇది చెబితే సార్ నవ్వి, మన ఊరి బ్రౌన్ దొరను గుర్తు చేశారు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు, 1827లోనే తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద పుస్తకం వేశాడు. ఆ తర్వాత 1852లో నిఘంటువు. ఊనికతో పెరిగిన చెవి మన గురు లఘువులు నేర్చుకోగలిగితే, గురు లఘువులతో పెరిగిన చెవి ఊనిక నేర్చుకోలేదా అని సార్ ప్రశ్న. ఆ మాట నిజమే. అయినా పోలికను మూడో రోజు నుంచి వదిలేయాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే ఇంటర్ పిల్లలిద్దరూ చివరి వారం దాకా దీర్ఘం కనపడిన చోటల్లా గచ్చకాయ పెడుతూనే ఉన్నారు.

అదే ఆదివారం బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్ళాను, మా పాపను వెంటబెట్టుకుని. ఎన్నిసార్లు ఆ దారిన పోలేదు, కానీ ఆయన చెవి గురించి నేను ఆలోచించింది అప్పుడే.

హైఫన్ల మీద రెండు క్లాసులే, కానీ అందులో ఒక ఆట మీ పిల్లలతో తప్పకుండా ఆడండి. ట్వెంటీ, ఫైవ్, రుపీ, నోట్స్. ఈ నాలుగు మాటలూ బోర్డు మీద రాసి హైఫన్ ఎక్కడ పెట్టాలో అడగండి. ఫైవ్‌కూ రుపీకీ మధ్య పెడితే ఇరవై అయిదు రూపాయల నోట్లు, అంటే అయిదువి ఇరవై, చేతిలో 100 రూపాయలు. ట్వెంటీకీ ఫైవ్‌కూ మధ్య పెడితే పాతిక రూపాయి నోట్లు, చేతిలో 25. తెలుగులో కూడా 'ఇరవై అయిదు రూపాయల నోట్లు' అంటే అదే తికమక, గమనించారా? నోటితో చెప్పేటప్పుడు ఎక్కడ ఆగుతామో, ఎక్కడ ఎత్తుతామో అదే హైఫన్. కాగితం మీద గీత, నోట్లో ఊనిక, రెండూ ఒకటే పని చేస్తున్నాయి. నామవాచకం ముందు వెల్-నోన్‌కు గీత పెడతాం, చివరికి వస్తే తీసేస్తాం. హైలీ పెయిడ్ లాంటి 'లీ' మాటలకు అసలే పెట్టం. తరతమ రూపాల గురించి ఒక్క పావుగంటే చెప్పారు: గుడ్-లుకింగ్‌కు మోర్ చేర్చకుండా బెటర్-లుకింగ్ అంటే అందంగా ఉంటుంది. ఇంకొంచెం చెప్పి ఉంటే బాగుండేది.

నా ఉద్యోగం పేరునే నేను పదహారేళ్ళు తప్పుగా పలికానని తెలిసిన రోజు కూడా ఉంది. ఇంగ్లిష్ టీచర్. 'ఇం' మీద ఊనిక పెడితే ఇంగ్లిష్ చెప్పే టీచర్. 'టీ' మీద పెడితే ఇంగ్లండు దేశపు టీచర్. గ్రీన్‌హౌస్ అంటే మొక్కలు పెంచే గది, గ్రీన్ హౌస్ అని 'హౌస్' ఎత్తితే పచ్చ రంగు ఇల్లు. మాటలు అవే, గచ్చకాయ మారితే అర్థం మారిపోతుంది. మన ఇంగ్లిష్ బయటివాళ్ళకు అర్థం కాకపోవడానికి ఒక ముఖ్య కారణం ఊనిక తప్పడమేనని హైదరాబాదులో ఆచార్య ఆర్.కె. బన్సల్ 1969లోనే ప్రచురించారు. మన టీచర్ ట్రైనింగుల్లో దీన్ని ఒక పూట కూడా చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

మా బ్యాచ్‌లోని కారు డ్రైవరు సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. ఇంటర్ మధ్యలో ఆపేశాడు. క్లాసులో అందరికన్నా ముందు చెవి పట్టుబడింది అతనికే. తన కారు గురించి, గండికోట గురించి టూరిస్టులకు చెప్పాల్సిన మాటలన్నీ ఒక చిన్న డైరీలో రాసుకుని, ప్రతి మాట కింద పెద్ద చుక్క, చిన్న చుక్క పెట్టుకున్నాడు. వెల్-మెయింటెయిన్డ్ కార్. త్రీ-హండ్రెడ్-ఫుట్-డీప్ గార్జ్, పెన్నా లోయ గురించి. మౌత్-వాటరింగ్ కారం దోసె. చివరి వారంలో ఒక విదేశీ జంటను గండికోటకు తీసుకెళ్ళి వచ్చి, క్లాసు మెట్ల దగ్గరే నన్ను ఆపాడు. "అక్కా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడినా. ఒక్కసారి కూడా సారీ అని వెనక్కి అడగలేదు వాళ్ళు." అతని ముఖం చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

ఇబ్బందులు కూడా రాయాలి. మెట్లు ఇరుకు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. పెద్దవాళ్ళను తీసుకెళ్తే జాగ్రత్త. ఆడవాళ్ళకు బాత్రూమ్ లేదు, కింద షాపువాళ్ళను అడగాల్సిందే, గంటన్నర క్లాసుకు ఇది చిన్న విషయం కాదు. బండ్లు రోడ్డు మీదే పెట్టాలి. ఆడియో వినిపించే స్పీకరు చిన్నది, కిటికీ తెరిస్తే ఆటోల హారన్లు, మూస్తే ఉక్క. ఊనిక వినడమే ప్రాణం అయిన క్లాసులో మంచి స్పీకరు లేకపోవడం పెద్ద లోటు. మే నెలలో రెండు రోజులు కరెంటు పోయి ఆడియో లేకుండానే గడిచిపోయింది, ఆ రెండు క్లాసులూ సార్ ఆదివారం మళ్ళీ చెప్పారు. సార్ నేర్పేది బ్రిటిష్ ఉచ్చారణ మాత్రమే. అమెరికాకు వెళ్ళేవాళ్ళు ముందే అడిగి తెలుసుకుని చేరండి. పరీక్ష లేదు, సర్టిఫికెట్ ఇవ్వరు.

ఇంటర్ పిల్లలు మొదటి నెల బోర్ అన్నారు. వాళ్ళకు విడిగా బ్యాచ్ పెడితే మేలని సార్‌కు చెప్పాను, వచ్చేసారి చూస్తానన్నారు. నర్సమ్మ మొదట విసుక్కున్నా చివరి దాకా వచ్చింది, వార్డులో చెప్పాల్సిన మాటలన్నీ గింజలు పేర్చి సరిచూసుకుంది.

కొత్త బ్యాచ్ దసరా సెలవుల తర్వాత మొదలవుతుంది, పన్నెండు మందికి మించి తీసుకోరు. ఫోన్‌లో పేరు రాయించుకోవడం లేదు, జిరాక్స్ షాపులో అడిగితే ఏ రోజు రావాలో చెబుతారు. మొదటి రోజు ఒక రూళ్ళ నోటుబుక్కు, గుప్పెడు చింతపిక్కలు తీసుకెళ్ళండి. గచ్చకాయలు సార్ ఇస్తారు.